తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌కు (ఐఎఫ్ఎఫ్‌కే) మొదటిసారి – సినిమాలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఇద్దరం వెళ్తున్నాం. రోజుకు ఐదు సినిమాలు చూడొచ్చంటున్నారు, నిజమేనా? పాస్ లేకుండా ఒక్కో సినిమాకు టికెట్ దొరుకుతుందా? ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేగంగా చదవలేను, దానికేం చేయాలి?

జవాబు: ముందు టికెట్ సంగతి. విడి టికెట్లు ఉండవండి. ఈ సినిమాలకు మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు, కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపుతో వేస్తారు. నమోదు చేసుకుని పాస్ తీసుకున్న ప్రేక్షకులకే (వీళ్లనే డెలిగేట్లంటారు) చూపించాలన్నది ఆ మినహాయింపు షరతు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే పాస్ ఇస్తారు కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. నమోదు మొదలైందని తెలియగానే చేసేయండి, పాస్‌లకు పరిమితి ఉంటుంది.

రోజుకు ఐదు అనేది కాగితం మీద లెక్క. 11:30కి మొదలైన 130 నిమిషాల సినిమా 1:40కి అవుతుంది. దర్శకుడు వచ్చి మాట్లాడితే ఇంకో ఇరవై నిమిషాలు. 2:15 షో ఊళ్లో మరోచోట, టాగోర్ థియేటర్‌లో ఉంటే ఆటో ఎక్కి అక్కడికి చేరేసరికి క్యూ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. మూడు పెట్టుకోండి, నాలుగోది కుదిరితే చూడండి. తంపానూరులో రైల్వే స్టేషన్ దగ్గరే కైరళి, శ్రీ, నిళ మూడు తెరలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. వరుసగా రెండు సినిమాలు చూడాలంటే అక్కడివే కలుపుకోండి.

ఇంకొకరు: ఎంపిక గురించి. షెడ్యూల్ రాగానే పేరున్న దర్శకుల చుట్టూ గీతలు గీసేస్తారు చాలామంది, అక్కడే దెబ్బ తింటారు. మే నెలలో కాన్స్ ఫెస్టివల్‌లో, సెప్టెంబరులో వెనిస్ ఫెస్టివల్‌లో మారుమోగిన సినిమాలకే పెద్ద క్యూలు. వాటిలో చాలావరకు కొన్ని నెలల్లో ఓటీటీకి వస్తాయి. ఇక్కడి పోటీ విభాగంలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలే ఉంటాయి, ఉత్తమ చిత్రానికిచ్చే సువర్ణ చకోరం బహుమతి వాటికే. ఒక కొత్త దర్శకురాలి మొదటి సినిమా మళ్లీ ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం. నన్నడిగితే ముందు వాటికే చోటివ్వండి.

మెళకువ ఒకటుంది. సినిమా పేరు ఎదురుగా అన్ని షోల తేదీలూ రాసుకోండి. రెండు మూడుసార్లు వేసేవాటిని చివరి రోజులకు నెట్టి, ఒక్కసారే వేసేవి మొదట పెట్టండి. సీటు రిజర్వేషన్ ముందురోజు ఉదయం ఆన్‌లైన్‌లో తెరుస్తారు. సమయం, రోజుకు ఎన్ని సీట్లు అనేది ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. తెరిచిన కొద్ది నిమిషాల్లో గిరాకీ సినిమాలు నిండిపోతాయి, అందుకని ముందే లాగిన్ అయి ఉండాలి. దొరకకపోతే రిజర్వేషన్ లేనివాళ్ల క్యూ ఉంటుంది, దానికి గంట ముందు నిలబడాలి. రిజర్వేషన్ ఉందికదా అని ఆఖరి నిమిషంలో వస్తే మీ సీటు ఆ క్యూలోని వాళ్లకు పోతుంది.

ప్రశ్న: సబ్‌టైటిల్స్ సంగతి?

జవాబు: మూడింట రెండొంతులు వెనక్కి, నడవ పక్క సీటు చూసుకోండి. ముందు వరుసల్లో కన్ను బొమ్మకీ అక్షరాలకీ మధ్య పరుగెత్తుతూనే ఉంటుంది. వాలు తక్కువున్న హాల్లో ముందువాళ్ల తల సరిగ్గా సబ్‌టైటిల్ రెండో పంక్తిని కప్పేస్తుంది, నడవ పక్కనైతే ఒరిగి చదవొచ్చు. మంచు, ఎడారి దృశ్యాల్లో తెల్లక్షరాలు తెరలో కలిసిపోతాయి, అప్పుడు ముఖాల్నే నమ్ముకోవాలి. ముందురోజు రాత్రి కేటలాగ్‌లో కథాంశం చదివి పాత్రల పేర్లు గుర్తుపెట్టుకుంటే సగం భారం తగ్గుతుంది. ఎవరు ఎవరో తేల్చుకునేలోపే నాలుగు మాటలు జారిపోతాయి మరి. ఒక జాగ్రత్త, ఇంగ్లిష్‌లో తీసిన సినిమాకు చాలాసార్లు సబ్‌టైటిల్స్ ఉండవు. స్కాట్లాండ్ యాస సినిమా అయితే అదే అన్నిటికన్నా కష్టం.

ఇంకొకరు: ఇంటర్వెల్ ఉండదు, మర్చిపోకండి. మూడు గంటల సినిమా ముందు టీ వద్దు. హాల్లో ఏసీ చలికి శాలువా పెట్టుకోండి. నిశాగంధి ఆరుబయట థియేటర్, ఈశాన్య రుతుపవనాల తోక డిసెంబరులో ఒక్కోసారి అక్కడ తగులుతుంది. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు తెర కనపడదు, రెయిన్‌కోటు తీసుకెళ్లండి.