‘స్లాప్ షాట్’ తెచ్చిన పేరు ఆ చిన్న లీగు ఆటగాళ్లకు మేలు చేసిందా, వారి ఆటను మరుగున పడేసిందా?

ప్రశ్న – ఎగ్మూరు గ్యాలరీ

అందరికీ నమస్కారం. హాకీ అంటే నాకు తెలిసిన లోకం మన చెన్నైలోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం, అక్కడ జరిగే మురుగప్ప గోల్డ్ కప్, రైల్వే జట్టుకూ బ్యాంకు జట్టుకూ మధ్య సాగే పంతాలు, అంతే. మంచు మీద ఆడే హాకీతో నాకు పరిచయం లేదు. ఈమధ్య ఒక మిత్రుడి బలవంతం మీద 1977లో విడుదలైన ‘స్లాప్ షాట్’ అనే అమెరికన్ సినిమా చూశాను. ఉక్కు కర్మాగారం మూతపడబోతున్న ఊళ్లో, అమ్ముడుపోయే దశలో ఉన్న ఒక దిగువ శ్రేణి జట్టు కథ అది. వయసు మీరుతున్న ఆటగాడు, కోచ్ కూడా అయిన కథానాయకుడిగా పాల్ న్యూమన్ చాలా బాగా నటించారు. అయినా సినిమా అయ్యాక నా మనసులో నిలిచింది ఆయన కాదు, లావుపాటి నల్లఫ్రేము కళ్లద్దాలు పెట్టుకుని, హోటలు గదిలో బొమ్మకార్లతో ఆడుకుంటూ, మైదానంలోకి దిగగానే కనిపించినవాడినల్లా కొట్టే హాన్సన్ అన్నదమ్ములు ముగ్గురూ.

ఆ ముగ్గురూ నటులు కారని, నిజంగానే చిన్న లీగులో ఆడినవారని మిత్రుడు చెప్పాడు. మన దగ్గర ఆ స్థాయి ఆటగాడికి స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగమైనా దొరుకుతుంది. పొద్దున హాజరు వేసి, మధ్యాహ్నం సాధనకు వెళ్లి, మోకాళ్లు అరిగిపోయాక అదే కార్యాలయంలో పదవీ విరమణ దాకా పనిచేసుకుంటాడు. అటువంటి ఆసరా లేని దేశంలో వీరి బతుకు ఎలా సాగింది? సినిమా వల్ల వచ్చిన పేరు వారి ఆటకు పనికొచ్చిందా, లేక జీవితాంతం ఆ కళ్లద్దాలకే కట్టిపడేసిందా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు 1 – పెరంబూరు పాఠకుడు

మీ మిత్రుడు చెప్పింది నిజమే. మినసోటా రాష్ట్రంలో వర్జీనియా అనే ఊరి నుంచి వచ్చిన జాక్, స్టీవ్, జెఫ్ కార్ల్‌సన్ అనే ముగ్గురు అన్నదమ్ములు, వారితోపాటు డేవ్ హాన్సన్, 1974–75 సీజనులో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ జెట్స్ అనే జట్టుకు ఆడారు. నార్త్ అమెరికన్ హాకీ లీగులో ఆ ఏడాది లాక్‌హార్ట్ కప్పు గెలిచింది ఆ జట్టే. అదే జట్టులో నెడ్ డౌడ్ అనే ఆటగాడు కూడా ఉన్నాడు. అతని అక్క నాన్సీ డౌడ్ రచయిత్రి. జట్టు అమ్ముడుపోబోతోందని తమ్ముడు చెప్పిన మాట ఆమెలో కథకు బీజం వేసింది. అతను లాకర్ గదికీ బస్సులోకీ టేప్ రికార్డరు తీసుకెళ్లి తోటివారి మాటలు పట్టి ఇచ్చాడు. ఆ సినిమాలో సంభాషణలు అంత మొరటుగా, అంత సహజంగా ఉండడానికి కారణం అదే.

అసలు ప్రణాళిక ప్రకారం తెర మీద అన్నదమ్ములుగా కనిపించవలసింది కార్ల్‌సన్ సోదరులు ముగ్గురూ. చిత్రీకరణ సమయానికి జాక్‌ను వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే పెద్ద లీగులోని ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు పిలిపించుకోవడంతో అతని పాత్ర డేవ్ హాన్సన్‌కు దక్కింది. ఇందులో తమాషా ఏమిటంటే, డేవ్ హాన్సన్‌ను చూసి రాసిన పాత్ర సినిమాలో వేరే ఉంది. దానికి కార్ల్‌సన్ అనే ఇంటిపేరు పెట్టి, జెరీ హౌజర్ అనే నటుడి చేత వేయించారు. కార్ల్‌సన్‌లు తెర మీద హాన్సన్‌లయ్యారు, అసలు హాన్సన్ తన పాత్రను ఇంకొకరికి వదిలి వారికి తమ్ముడయ్యాడు.

ఇక మీ ప్రధాన సందేహం. సినిమా చూసినవారు వీరిని ఆటలో అరటిపండ్లనుకుంటారు గాని, అది సరికాదు. స్టీవ్ కార్ల్‌సన్ ఐస్ హాకీ దిగ్గజాలైన ఇద్దరితో, అంటే న్యూ ఇంగ్లండ్ వేలర్స్‌లో గోర్డీ హౌతో, తరువాత ఎడ్మంటన్‌లో అప్పటికింకా కుర్రవాడైన వేన్ గ్రెట్స్కీతో కలిసి ఆడినవాడు. 1979–80లో లాస్ ఏంజలిస్ కింగ్స్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అక్కడి అగ్రశ్రేణి లీగైన నేషనల్ హాకీ లీగులో, 52 మ్యాచ్‌లు ఆడాడు. డేవ్ హాన్సన్ డెట్రాయిట్, మినసోటా జట్ల తరఫున 33 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడాడు. సినిమా వదులుకుని ఆటకు వెళ్లిన జాక్ అదే ఎన్‌హెచ్‌ఎల్‌లో 200కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. జెఫ్ మాత్రం ఎక్కువ కాలం చిన్న లీగుల్లోనే ఉండిపోయాడు. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నలుగురిలో అందరికంటే ఎక్కువ ఆడిన జాక్ పేరు తెలిసినవారెందరు? మిగిలిన ముగ్గురూ ఎక్కడికి వెళ్లినా జనం గుర్తుపట్టేవారు. ఆట ఇవ్వని పేరును సినిమా ఇచ్చిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

జవాబు 2 – రిటైర్డ్ లెఫ్ట్ హాఫ్

నేను ఇక్కడే ఒక సంస్థ జట్టుకు చాలా ఏళ్లు ఆడి విరమించినవాడిని. పై జవాబులోని వివరాలను కాదనను గాని, ముగింపుతో ఏకీభవించలేను. ఆటగాడికి ఏ కారణంగా పేరు వచ్చిందన్నది కూడా చూడాలి కదా. ఎన్‌హెచ్‌ఎల్‌లో 52 మ్యాచ్‌లు ఆడడం చిన్న సంగతి కాదు. స్కేట్ల మీద నిలదొక్కుకుంటూ, గోడకేసి గుద్దేవాళ్లను తప్పించుకుంటూ, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు పోతుందో ముందే పసిగట్టగలిగితేనే అక్కడిదాకా వెళ్తాడు. అటువంటివాడిని జీవితాంతం జనం అడిగేది మాత్రం, గుద్దులు గట్టిగా పడేలా పిడికిలికి అల్యూమినియం రేకు ఎలా చుట్టేవారన్న సంగతే. నా ఆటలో నేను కొట్టిన ఒకే ఒక ఫౌల్‌ను పట్టుకుని నలభై ఏళ్లు పొగిడితే నాకు సంతోషం కలుగుతుందా? కలగదు.

మరొక మాట. ఆ సినిమా దెబ్బలాటను వెక్కిరించడానికి తీసినది. టిక్కెట్లు అమ్ముడుపోవడానికి జట్టు రౌడీతనానికి దిగుతుందన్నదే అందులోని చురక. కాని ప్రేక్షకులు చురకను వదిలేసి రౌడీతనాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఐస్ హాకీలో కొట్టుకోవడమే పనిగా జట్టులో ఉండే ఆటగాళ్ల పరిస్థితి తరువాతి కాలంలో బయటపడింది. డెరెక్ బూగార్డ్ అనే ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు 2011లో 28 ఏళ్లకే చనిపోతే, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు అతనికి ఉన్నట్లు బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. అది తెలిశాక ఆ దృశ్యాలకు మునుపటిలా నవ్వలేకపోతున్నాను.

జవాబు 3 – సాలిగ్రామం

నేను కోడంబాక్కంలో తెలుగు సినిమాలు తీసే రోజుల నుంచి సౌండ్ విభాగంలో పనిచేసినవాడిని కనుక సినిమా వైపు నుంచి ఒక మాట రాస్తాను. దర్శకుడు జార్జ్ రాయ్ హిల్ ఆ సినిమాను జాన్స్‌టౌన్‌లోనే, జెట్స్ ఆడే వార్ మెమోరియల్ అరీనాలోనే తీశారు. నటుడికి గుర్రపు స్వారీ కొన్ని వారాల్లో కాస్తో కూస్తో నేర్పవచ్చు. మంచు మీద వెనక్కి స్కేటు చేస్తూ మనిషిని ఢీకొట్టడం అంత సులువుగా పట్టుబడదు. అందుకే ఆటగాళ్లనే తెచ్చుకున్నారు. వారి ముఖాల్లో నటన లేదు, అది లోపం కాకపోగా ఆ పాత్రలకు బలమైంది. జాతీయగీతం మోగుతుండగా రిఫరీ వచ్చి స్టీవ్‌ను తిడుతుంటే, ‘నేను పాట వింటున్నాను’ అన్న అర్థంలో అతను అరిచే చోట గమనించండి: అనుభవజ్ఞుడైన హాస్యనటుడైతే ఆ మాటకు ముందు ఒక క్షణం ఆగేవాడు, స్టీవ్ ఆగడు. ఆ తొందరే అక్కడ నవ్వు పుట్టిస్తుంది.

లెఫ్ట్ హాఫ్ గారి బాధ అర్థమైంది గాని, ప్రేక్షకుల్లోకి దూకి కొట్టుకోవడం రచయిత్రి ఊహించినది కాదు. యుటికాలో ఒక మ్యాచ్‌లో వీరు నిజంగానే ప్రేక్షకులతో కలియబడి అరెస్టయ్యారు. సినిమా వారికి లేని ముఖం తగిలించలేదు.

ఎగ్మూరు గ్యాలరీ

అందరికీ ధన్యవాదాలు. మరి ఆట మానేశాక వారు ఏం చేసి బతికారన్నది ఇంకా తేలలేదు. ఆ ఊరి సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

జవాబు 4 – పెరంబూరు పాఠకుడు

ఊరి సంగతి ముందు చెబుతాను. సినిమా వచ్చిన 1977లోనే జులైలో జాన్స్‌టౌన్‌ను పెద్ద వరద ముంచెత్తింది. అదే ఏడాది లీగూ మూతపడింది, జెట్స్ జట్టూ పోయింది. ఉక్కు పనులు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి. పదేళ్ల తరువాత ఆ ఊళ్లో కొత్త జట్టు పెట్టినప్పుడు దానికి సినిమాలోని జట్టు పేరే, అంటే చీఫ్స్ అనే పెట్టుకున్నారు. కొంతకాలం దానికి స్టీవ్ కార్ల్‌సనే కోచ్. ఆ జట్టు 2010 దాకా అక్కడే ఆడి, తరువాత వేరే ఊరికి తరలిపోయింది.

మనుషుల విషయానికి వస్తే, జెఫ్ మిషిగన్‌లోని మస్కీగన్‌లో స్థిరపడి ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. డేవ్ హాన్సన్ పిట్స్‌బర్గ్ దగ్గర ఒక విశ్వవిద్యాలయానికి చెందిన క్రీడా కేంద్రం నిర్వహణ చూశాడు. అతని కొడుకు క్రిస్టియన్ టొరాంటో మేపుల్ లీఫ్స్‌కు ఆడాడు. వీటి మధ్యనే ముగ్గురూ దశాబ్దాలపాటు చీఫ్స్ జెర్సీలు, ఆ నల్ల కళ్లద్దాలు వేసుకుని చిన్న లీగు మ్యాచ్‌లకు, విరాళాల సేకరణ కార్యక్రమాలకు తిరిగారు. 2002లోనూ 2008లోనూ వచ్చిన కొనసాగింపు సినిమాల్లో కూడా కనిపించారు, అవి చూడకపోయినా మీకు నష్టం లేదు.

లెఫ్ట్ హాఫ్ గారికి ఒక్క మాట. మీకు దొరికిన ఉద్యోగ భద్రత వారికి లేదు. అక్కడ జట్టు మూతపడితే ఆటగాడి జీతం ఆ రోజుతో ఆగిపోతుంది, విరమణ దాకా అట్టే పెట్టుకునే కార్యాలయం ఉండదు. కాబట్టి వారికి ఆ కళ్లద్దాలు కూడా ఒక ఉద్యోగం వంటివే అని నా లెక్క. గౌరవం సంగతి మీరన్నదే నిజం కావచ్చు, దాని మీద వాదించను.

జవాబు 5 – రిటైర్డ్ లెఫ్ట్ హాఫ్

ఉద్యోగం అన్నారు కనుక ఒప్పుకుంటాను. కాని జాక్ సంగతి మీరే రాశారు: సినిమాను కాదని ఆటకు వెళ్లినవాడు. నన్నడిగితే ఆ నలుగురిలో నేను చేతులు కలపాలనుకునేది అతనితోనే.