గాజువాక వైపు షిఫ్టు ఉద్యోగం వచ్చింది, అమ్మని కూడా తెస్తున్నా, ఇల్లు ఎక్కడ చూడమంటారు?

బొబ్బిలి_ఫిట్టర్:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఐటీఐ ఫిట్టర్ చేశాను, మూడేళ్ళు అక్కడే ఒక రైస్ మిల్లులో చేశా, ఇప్పుడు విశాఖలో కాంట్రాక్టు కింద పని దొరికింది, వచ్చే నెల ఒకటిన చేరాలి. గాజువాక వైపు. మూడు షిఫ్టులు తిరుగుతాయన్నారు, ఏ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి పది, సి షిఫ్టు అంటే రాత్రంతా. జీతం పద్దెనిమిది వేలు.

నాన్న పోయి రెండేళ్ళైంది, అమ్మ ఒక్కతే ఉంది, వదిలేసి రాలేను. ఆవిడ ఊరు దాటి ఎక్కడా ఉండలేదు, సింహాచలం చందనోత్సవానికి రెండుసార్లు వచ్చింది, అంతే. మొన్న అన్నం పెడుతూ "నువ్వు రాత్రి డ్యూటీకెళ్ళిపోతే ఆ ఊళ్ళో నేను ఎవరి మొహం చూసుకుని కూచోవాల్రా" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు, ఆరోజు నుంచి సరిగ్గా నిద్ర కూడా పట్టట్లేదు. తెలిసినవాళ్ళు మల్కాపురం అంటున్నారు, కూర్మన్నపాలెం వైపు అంటున్నారు, కంచరపాలెంలో మా పిన్ని వాళ్ళున్నారు కాబట్టి అక్కడ ఉండి బస్సులో వెళ్ళమని ఇంకొందరు. అద్దె ఒక వెయ్యి అటూ ఇటూ అయినా పర్వాలేదు, అమ్మకి పలకరించే మనుషులుండాలి. ఆవిడకి కొంచెం ఆయాసం ఉంది, దుమ్ము పొగ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. కాంట్రాక్టు పని నాకు మొదటిసారి, అందులో ఏం చూసుకోవాలో కూడా.

సిందియా_తాత:

బాబూ, నేను షిప్‌యార్డులో ముప్పైనాలుగేళ్ళు వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను, ఇల్లు మల్కాపురంలోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి 1946లో వచ్చి కలాసీగా చేరాడు, అప్పటికది సిందియా కంపెనీ, 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు వచ్చి జల ఉష ఓడని నీళ్ళలోకి దింపిన రోజు మా నాన్న ఆ జనంలో ఉన్నాడు, పోయేవరకూ ఆ రోజు గురించి చెప్తూనే ఉండీవాడు. తరవాత 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, 1961కి పూర్తిగా గవర్నమెంటుదైంది, అయినా ఇప్పటికీ బస్సులో "సిందియా, సిందియా" అనే పిలుస్తారు.

మీ అమ్మగారన్న మాటే మా అమ్మ కూడా అన్నదట. అప్పట్లో మేం ఉండీది వరస ఇళ్ళు, ఎనిమిది కాపరాలకి ఒక కుళాయి, గోడ పక్క గోడ. ఎవరింట్లో మనిషి నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడో లైనంతా తెలిసీది, ఎలాగంటే క్యారేజీ కడిగి కిటికీ మీద బోర్లించీవారు, పొద్దున్న తొమ్మిదికి ఏ కిటికీలో క్యారేజీ కనపడిందంటే ఆ గుమ్మం ముందు పిల్లలు గోళీలాడకూడదు, చేపలామె కూడా అక్కడికొచ్చేసరికి కేక తగ్గించి నడిచీది. రాత్రి మగాళ్ళు డ్యూటీకి పోతే ఆడవాళ్ళందరూ ఒక అరుగు మీద చేరి మర్నాటి కూర తరుక్కుంటూ కబుర్లాడీవారు. మా అమ్మకి కొత్తగా వచ్చిన రోజుల్లో భయం పోయింది ఆ అరుగు మీదే. ఇంట్లో గడియారం లేదు, పొద్దున్న సైరన్ కూస్తే ఎసరు పెట్టీది.

ఇప్పుడు అన్నీ అలా ఉన్నాయని నేను చెప్పను, అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, తలుపులు మూసే ఉంటున్నాయి. కానీ పాత సందుల్లో కింద పోర్షన్లు ఇంకా అద్దెకి దొరుకుతాయి, అక్కడ సాయంత్రమైతే గుమ్మాల్లో కూర్చునే వాళ్ళు ఉన్నారు. మీరు ఎక్కడ చూసినా రెండో అంతస్తు మాత్రం వద్దు, పెద్దావిడ మెట్లు దిగడం మానేస్తారు, దిగకపోతే మనుషులు అలవాటు అవ్వరు.

ఆయాసం అన్నారు కాబట్టి దాచకుండా చెప్తున్నా, మా వైపు చుట్టూ ఫ్యాక్టరీలే, కొన్ని రాత్రులు గాలి నిలబడిపోతే వాసన వస్తుంది, మేం పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి ఉంటున్నాం. మీ అమ్మగారిని ఇక్కడికి తీసుకురమ్మని నేనైతే అనలేను.

జ్ఞానాపురం_నుంచి:

తాతగారు చెప్పింది నిజం. అలాగని పాత ఊరు, మా జ్ఞానాపురం వైపు కూడా చూడకండి అన్నా, రేవు దగ్గర కదా, బొగ్గు, ఇనప ఖనిజం దిగుతుంటాయి, గాలి మావైపు తిరిగిందంటే కిటికీ అంచు మీద వేలు పెట్టి రాస్తే నల్లగా వస్తుంది, మా అమ్మ మంచినీళ్ళ బిందె మీద ఎప్పుడూ తడిగుడ్డ వేసే ఉంచుతుంది. మనుషులు మాత్రం బంగారం, చర్చి పండగైనా దర్గా ఉరుసైనా అమ్మవారి పండగైనా వీధంతా ఒక్కటే. కానీ ఆయాసం మనిషికి కష్టం.

వడ్లపూడి_పిల్ల:

అన్నా, మా వైపు వచ్చేయండి, ఎందుకంటున్నానో చెప్తా.

మాది స్టీల్‌ప్లాంట్ నిర్వాసితుల కుటుంబం. ప్లాంటు కోసం 64 ఊళ్ళ వాళ్ళు భూములిచ్చారు, అందులో మా తాత వాళ్ళ ఊరొకటి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ ఇవన్నీ అలా వచ్చిన కాలనీలే. మావాళ్ళు ఇళ్ళు వదిలి వచ్చేటప్పుడు అమ్మవారిని కూడా తెచ్చుకుని ఇక్కడ గుడి కట్టుకున్నారు, ఒక ఊరి వాళ్ళు ఒక వీధిలోనే సర్దుకున్నారు. మా నాన్నమ్మకి డెబ్బై దాటాయి, ఇవాళ్టికీ "మన ఊళ్ళో" అంటే ఆవిడ లెక్కలో ఇప్పుడు ప్లాంటు గోడ లోపలున్న ఊరు. ఊరు వదిలి రావడం అంటే ఏంటో తెలిసిన ఆడవాళ్ళు మా వీధి నిండా ఉన్నారు, మీ అమ్మగారు వచ్చి కూర్చుంటే ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడగడానికి రోజు కూడా పట్టదు. పైగా బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం నుంచి వచ్చి కాంట్రాక్టులో చేస్తున్న వాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

మా నాన్నకి ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన కార్డు, దాని మీద ఉద్యోగం వచ్చింది, అందరికీ రాలేదు, మా బాబాయికి రాలేదు, ఆ బాధ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందుకే 2021 జనవరిలో ప్లాంటుని అమ్మేయాలని సెంటర్ నిర్ణయం తీసుకున్నాక కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వేస్తే మా వీధి ఆడవాళ్ళు వంతులేసుకుని వెళ్ళి కూర్చున్నారు. మా నాన్నమ్మ కూడా వెళ్ళింది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరూరా జనం లేచి, కాల్పుల్లో ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు ఇది, పొలం ఇచ్చినవాళ్ళం మేము, ఎవరిదనుకుంటాం మరి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, అయినా కాంట్రాక్టు వాళ్ళ గుండెల్లో భయం పోలేదు, మీరూ అది తెలుసుకునే రండి.

పొగ లేదని అనను, కానీ కాలనీలు కొంచెం విడిగా ఉంటాయి, చెట్లున్నాయి. ఇల్లు తీసుకునే ముందు అమ్మగారిని తెచ్చి ఒక పూట ఉంచి చూడండి.

పదకొండేళ్ళ_కాంట్రాక్టు:

తమ్ముడూ ఇల్లు సంగతి వాళ్ళు చెప్పారు, నేను పని సంగతి చెప్తా. నేను పదకొండేళ్ళలో నలుగురు కాంట్రాక్టర్ల దగ్గర చేశా. ఒకాయన పద్నాలుగు నెలలు నా జీతంలో పీఎఫ్ కోసేసి ఒక్క రూపాయి కట్టలేదు, నాకు తెలిసేసరికి కాంట్రాక్టు అయిపోయింది, మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. మా ఆవిడ పురిటికి ఆ డబ్బులే అనుకున్నాం. కాబట్టి చేరిన మొదటి నెలలోనే నీ యూఏఎన్ నంబర్, అంటే పీఎఫ్ నంబర్, అడుగు, ఫోన్లో పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా చూసుకో, నీ వాటా పన్నెండు శాతం ఆయన వాటా పన్నెండు శాతం పడుతున్నాయా లేదా అని. మాట మీద నమ్మకు, జీతం స్లిప్పు అడుగు, ఇవ్వకపోతే నలుగురూ కలిసి అడగండి, ఒక్కడే అడిగితే మర్నాడు గేట్‌పాస్ ఆగుతుంది.

ఇంకొకటి, చాలామందికి తెలీదు. నీ జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, రావాలి, నీ దగ్గర ముప్పావు శాతమే కోస్తారు. అందులో నీ మీద ఆధారపడ్డ అమ్మ పేరు కూడా రాయించొచ్చు. చేరేటప్పుడు ఫారంలో ఆవిడ పేరు, ఫోటో, ఆధార్ ఇచ్చెయ్, ఆయాసం మందులకి అదే పనికొస్తుంది. తరవాత ఎక్కిద్దాంలే అనుకుని నేను రెండేళ్ళు తిరిగాను.

నైట్ షిఫ్టు మొదటి వారం కడుపు పాడవుద్ది, రాత్రి రెండింటికి బిర్యానీలు తినకు. పొద్దున్న దిగాక గేటు బయట చోడి (రాగి) అంబలి బండి ఉంటుంది, ఉల్లిపాయ ముక్క నంచుకుని ఒక గ్లాసు తాగి ఇంటికెళ్ళి పడుకో.

ఊర్వశి_జంక్షన్_అక్క:

కంచరపాలెం అని అడిగావు కదా బాబు, మాది రైల్వే కుటుంబం, నలభై ఏళ్ళుగా ఇక్కడే. మనుషుల విషయంలో మా పేటకి వంక పెట్టలేవు, ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ మా మీదుగానే వెళ్తుంది, 32 కిలోమీటర్లు నడిచే జనానికి రాత్రంతా వీధిలో ప్రతి ఇంటి వాళ్ళూ మజ్జిగో నీళ్ళో పట్టుకుని నిలబడతారు, కాళ్ళు నొప్పంటే పరాయి ఆడవాళ్ళకి కూడా వేణ్ణీళ్ళు పెట్టి కూర్చోబెడతాం. కానీ ఏ షిఫ్టుకి ఆరింటికల్లా గాజువాక అవతల గేటు దగ్గరుండాలంటే నువ్వు నాలుగున్నరకే బయల్దేరాలి, అంటే అమ్మ మూడున్నరకి లేచి నీకు క్యారేజీ కడుతుంది, వద్దన్నా కడుతుంది, అమ్మలు అంతే. నా కొడుకు విషయంలో నేను ఆరేళ్ళు అదే చేశాను, నడుం పోయింది. పనికి దగ్గరలోనే ఇల్లు చూసుకో. పిన్నిగారింటికి ఆదివారాలు తీసుకురా. మార్గశిరం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి మేం పదిమందిమి కలిసి వెళ్తాం, అమ్మగారిని కూడా తీసుకెళ్తా, అక్కడ గర్భగుడికి పైకప్పు ఉండదు, ఎవరి చేత్తో వాళ్ళే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, ఆవిడకి నచ్చుతుంది.

బొబ్బిలి_ఫిట్టర్:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఇవన్నీ రాత్రి అమ్మకి చదివి వినిపించా. క్యారేజీ కిటికీ మీద బోర్లించడం దగ్గర మళ్ళీ చదవమంది. ఈఎస్ఐలో అమ్మ పేరు సంగతి నాకు అసలు తెలీదు, ఫోటో తీయించేశాం. ఈ ఆదివారం రాయగడ పాసింజర్‌కి వచ్చి వడ్లపూడి చూద్దామనుకుంటున్నాం, అమ్మ కూడా వస్తానంది. వడ్లపూడి చెల్లీ, మీ వీధిలో కింద పోర్షన్ ఏదైనా ఖాళీ ఉందా?

వడ్లపూడి_పిల్ల:

మా ఎదురింటి వెనక పోర్షన్ పోయిన వారమే ఖాళీ అయింది, వంటగది చిన్నదే కానీ ముందు జామచెట్టు కింద అరుగు ఉంది. ఆదివారం మా నాన్నమ్మ ఇంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అమ్మగారు ఎండునెత్తళ్ళ కూర తింటారా, ఆదివారం ఒంటిపూట ఏమైనా ఉంటారా, నాన్నమ్మ కనుక్కోమంది.