అనంతపురంలో ఎగిరే టాక్సీల కర్మాగారం: ఆహ్వానించాలా, ఆరా తీయాలా?

గుంతకల్లు వాసి | రాత్రి 8:10

బెంగళూరుకు చెందిన సరళా ఏవియేషన్ మన జిల్లా తిమ్మసముద్రంలో విద్యుత్తుతో ఎగిరే టాక్సీలు తయారు చేస్తానని 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 500 ఎకరాలు, రెండు దశల్లో దాదాపు 1,300 కోట్ల పెట్టుబడి. ఈ వార్త ఇక్కడ పెడితే ఒక్కరూ సంతోషించలేదు. అందుకే విడిగా చర్చ మొదలుపెడుతున్నాను.

ఈ కర్మాగారం మన జిల్లాకు రావాలి, ఎవరు అడ్డు చెప్పినా రావాలి. పెనుకొండ దగ్గరికి కియా వస్తుందన్నప్పుడు కూడా తాగడానికి నీళ్లు లేనిచోట కార్లేమిటన్నారు. 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఇక ప్రయాణం సంగతి. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి రద్దీ వేళ రోడ్డు మీద రెండు గంటలు పడుతుంది. గాలిలో 19 నిమిషాలని పత్రికల్లో వచ్చింది. సాయంత్రం వేళ సిల్క్ బోర్డు కూడలి దాటినవారికి ఆ తేడా నేను చెప్పనక్కర్లేదు.

రెక్కలు | రాత్రి 8:42

హెలికాప్టర్ల నిర్వహణలో పనిచేసి రిటైరైనవాణ్ని. 19 నిమిషాలనేది గాలిలో ఉండే సమయం మాత్రమే. ఇంటి నుంచి వెర్టిపోర్టుకు, అంటే ఈ టాక్సీలు ఎగిరే, దిగే చోటుకు చేరడం, తనిఖీ, మనిషిని, సామానును తూచడం, ముందున్న వాహనం కదిలేదాకా ఆగడం, ఇవేవీ అందులో లేవు.

అసలు విషయం అదీ కాదు. నిట్టనిలువుగా లేచేటప్పుడు, దిగేటప్పుడు మొత్తం బరువును మోటార్లే మోయాలి. ముందుకు సాగాక రెక్క ఆ భారం అందుకుంటుంది కాబట్టి విద్యుత్తు వాడకం బాగా తగ్గుతుంది. విమాన ఇంధనంలో కిలోకు దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటే, ఇప్పటి లిథియం బ్యాటరీల్లో 250 నుంచి 300 వరకే ఉంటుంది. పైగా ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ బరువు మాత్రం చివరిదాకా అంతే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. ఎండ ముదిరితే ఇంకా పలచబడుతుంది, మోటార్లు అంత ఎక్కువ కష్టపడాలి. దిగాల్సిన చోట మరో వాహనం కదలకుండా ఉండిపోతే ఇది గాలిలో ఎన్ని నిమిషాలు నిలబడగలదు? దీనికి జవాబు కావాలి.

సెకండ్ షిఫ్ట్ | రాత్రి 8:50

ముందు టికెట్ ఎంతో చెప్పండి.

గుంతకల్లు వాసి | రాత్రి 9:05

రెక్కలు గారూ, ఎండలో ఎగరదన్న భయం అక్కర్లేదు. అమెరికా సంస్థ జోబీ 2025 వేసవిలోనే దుబాయిలో పైలట్‌తో ఎగిరించి చూపింది. దుబాయి ఎండ మన అనంతపురం ఎండకు తీసిపోదు. చైనాలో ఈహాంగ్ సంస్థ తయారు చేసిన ఇద్దరు కూర్చునే వాహనానికి, అదీ పైలట్ లేనిదానికి, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ 2023 అక్టోబరులో ధ్రువపత్రం ఇచ్చింది. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా వెర్టిపోర్టులకు 2024లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రపంచం కదిలింది, మనం ఇంకా గాలి పలచన దగ్గరే ఉన్నాం.

రెక్కలు | రాత్రి 9:11

ఎగురుతుందా అని నేను అడగలేదు. దిగడానికి వీల్లేనప్పుడు ఎంతసేపు నిలబడుతుందని అడిగాను.

రాయలసీమ రైతుబిడ్డ | రాత్రి 9:48

500 ఎకరాలన్న మాట చదివాక మిగతాది నాకు తలకెక్కలేదు.

మా వేరుశనగ చేను కొన్నేళ్ల క్రితం ఒక పరిశ్రమ కోసం పోయింది. ఏ కంపెనీయో, ఏ మండలమో చెప్పను. ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆ మాట రాసిన కాగితాన్ని మా నాన్న ట్రంకు పెట్టెలో పట్టా పుస్తకం కిందే దాచారు. పరిశ్రమ రాలేదు. సిమెంటు స్తంభాలు పాతి ముళ్లకంచె వేశారు, లోపల కంపచెట్లు మనిషెత్తు పెరిగాయి. మేకలు కంచె కిందనుంచి దూరితే కాపలావాడు తరిమేస్తాడు. అది తాను దున్నిన చేనేనని మా నాన్న ఇప్పటికీ అతనితో వాదనకు దిగుతారు.

ఇక మీ ఎగిరే టాక్సీలు. జర్మనీలో లిలియం సంస్థ 2024లో దివాలా తీసింది. అదే దేశపు వోలోకాప్టర్, పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికులను తిప్పుతానని చెప్పి తిప్పలేకపోయింది. ఆ డిసెంబరులోనే దివాలా దరఖాస్తు పెట్టుకుంది. అంత డబ్బు, అంత ఇంజనీరింగు ఉన్న దేశంలోనే ఇలా జరిగితే తిమ్మసముద్రం రైతుకు హామీ ఎవరు ఇస్తారు?

మల్లెపూవు | రాత్రి 10:02

నేను నర్సును. పాముకాటుతో వచ్చినవారు దారిలోనే ప్రాణం వదలడం చూశాను. చెన్నైలోని ఈప్లేన్ సంస్థ ఇలాంటి వాహనాలనే 788 ఎయిర్ అంబులెన్సులుగా ఇవ్వడానికి 2025లో ఒప్పందం చేసుకుంది. టాక్సీల సంగతి వదిలి దీని గురించి మాట్లాడండి.

గుంతకల్లు వాసి | రాత్రి 10:20

రైతుబిడ్డ గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఒక కంపెనీ మాట తప్పిందని జిల్లాకు మరే పరిశ్రమా రాకూడదా? ప్రతి కొత్త పనికీ ఆ ముళ్లకంచెనే చూపిస్తూ ఉంటే మన పిల్లలు బెంగళూరు బస్సు ఎక్కుతూనే ఉంటారు. కష్టం మీ ఒక్కరిదే అన్నట్టు రాయకండి.

రాయలసీమ రైతుబిడ్డ | రాత్రి 10:31

"ఎవరు అడ్డు చెప్పినా రావాలి" అని మీరు మొదటి టపాలోనే రాశారు. అడ్డు చెప్పేది ఎవరు? భూమి ఇచ్చేవాడే కదా? అంటే వాడు నోరెత్తినా లెక్కలేదన్నమాట. ముందు ఆ వాక్యం వెనక్కి తీసుకోండి. బెంగళూరులో జీతం తీసుకుంటూ ఇక్కడి నేల గురించి తీర్పు చెప్పడం తేలిక.

గుంతకల్లు వాసి | రాత్రి 10:37

వెనక్కి తీసుకోను. ఆ మాట రైతును ఉద్దేశించి అన్నది కాదు. నా జీతం జోలికి రావడానికి మీకేం హక్కుంది?

నిర్వాహకులు | రాత్రి 10:40

వ్యక్తిగత విషయాలు వద్దు. మరోసారి జరిగితే చర్చ మూసేస్తాం.

సెకండ్ షిఫ్ట్ | రాత్రి 10:44

ఆ 500 ఎకరాల్లో ప్రభుత్వ భూమి ఎంత, పట్టా భూమి ఎంత? ఇద్దరిలో ఎవరికైనా తెలుసా?

గుంతకల్లు వాసి | రాత్రి 11:15

నా జీతం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా అమ్మానాన్నలు గుంతకల్లులో ఒంటరిగా ఉన్నారు. నాన్నకు కంటి ఆపరేషన్ జరిగితే పక్కింటివాళ్లు తోడు వెళ్లారు. నేను చేసేది విమాన భాగాల డిజైన్ పని. అది మన జిల్లాలో ఎక్కడా లేదు. ఎగిరే టాక్సీ ఎక్కాలని నాకు సరదా లేదు, దాన్ని తయారు చేసే చోటు మా ఊరికి బస్సు దూరంలో ఉండాలని ఆశ. ఆ టాక్సీ రేపు విఫలమైనా కార్బన్ ఫైబర్ పని, మోటార్ల పని, బ్యాటరీల పని నేర్చినవాళ్లు ఇక్కడ మిగులుతారు. లిలియం పోయినంత మాత్రాన అక్కడ పనిచేసినవారి చేతి నైపుణ్యం పోలేదు.

రాయలసీమ రైతుబిడ్డ | రాత్రి 11:39

ఇది మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అయితే మన తేడా టాక్సీ గురించి కాదు. అది విఫలమైతే మీకు నైపుణ్యం మిగులుతుంది, పెట్టుబడి పెట్టినవాడికి ఇంకో కంపెనీ ఉంటుంది, రైతుకు ఏం మిగులుతుంది? పరిశ్రమ వద్దని నేనెక్కడా అనలేదు. భూమి అమ్మకం వద్దు, కౌలుకు ఇవ్వండి, ఏటా కౌలు కట్టండి, గడువులోగా పని మొదలవకపోతే యజమానికే తిరిగి ఇవ్వండి. ఐదేళ్లు వాడని భూమిని అసలు యజమానులకు గానీ, ప్రభుత్వం భూములు నిల్వ ఉంచే ల్యాండ్ బ్యాంకుకు గానీ తిరిగి ఇవ్వాలని 2013 భూసేకరణ చట్టంలో ఉంది. ల్యాండ్ బ్యాంకుకు పోతే మా నాన్నలాంటివారికి ఒరిగేది లేదు. అందుకే యజమానికే అని ఒప్పందంలో రాయించాలి.

గుంతకల్లు వాసి | రాత్రి 11:52

ఆ షరతు పెడితే ఎవరూ రారు. జోబీ 2009లో మొదలైంది. విమానానికి ధ్రువీకరణ రావడానికి అన్నేళ్లు పడుతుంది. ఎప్పుడు చేజారుతుందో తెలియని భూమిని చూసి ఏ బ్యాంకు అప్పిస్తుంది? వేరే రాష్ట్రం సిద్ధంగా ఉంటుంది, కర్మాగారం అక్కడికి పోతుంది.

రాయలసీమ రైతుబిడ్డ | రాత్రి 11:58

బ్యాంకుకే నమ్మకం లేని చోట రైతు ఎందుకు నమ్మాలి?

రెక్కలు | ఉదయం 6:20

1977లో న్యూయార్క్‌లో పానామ్ భవనం పైకప్పు మీద ఆగి ఉన్న హెలికాప్టర్ చక్రాల కాలు విరిగి పక్కకు ఒరిగింది. పైన నలుగురు చనిపోయారు. రెక్క ముక్క రోడ్డు మీద పడి దారిన పోయే మనిషి ఒకరు చనిపోయారు. ఆ పైకప్పు సర్వీసు అంతటితో ఆగింది. యంత్రం చిన్న తప్పు చేసినా కింద ఉన్నవారు బలవుతారు కాబట్టే నిమిషాల లెక్క అడుగుతున్నాను. తిమ్మసముద్రంలో పరీక్షలు మొదలైతే మే నెల మధ్యాహ్నం, నిండు బరువుతో, ఒకేచోట గాలిలో నిలబెట్టి కొలవాలి. ఆ అంకెను ప్రజల ముందు పెట్టాలి.

రాయలసీమ రైతుబిడ్డ | ఉదయం 7:05

సెకండ్ షిఫ్ట్ గారు అడిగినదానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాను. సర్వే నంబర్లు, భూమి రకం, ఒప్పందం ప్రతి, మూడూ అడుగుతున్నాను. ఎవరైనా కలిసి సంతకం పెడతారా?

గుంతకల్లు వాసి | ఉదయం 7:30

నేను పెడతాను. కౌలు షరతుకు మాత్రం ఒప్పుకోను.