గని చదువు గని అంచున ఉండాలా, తిరుపతిలో ఒక శాఖగా ఉంటే చాలా?

గుడుపల్లె వాసి:
కోలారు బంగారు గనులతో పాటు 2001లో మా చిగురుగుంట గని కూడా మూతపడింది. గని తవ్వకానికీ లోహశాస్త్రానికీ ప్రత్యేకమైన విశ్వవిద్యాలయం మన చిత్తూరు జిల్లాలో, కుప్పం ప్రాంతంలోనే ఏర్పడాలని నా అభిప్రాయం. దీనిపై సభ్యులు చర్చించవలసిందిగా కోరుతున్నాను.

తిరుపతి అధ్యాపకుడు:
మీ ఆశయం మంచిదే గాని నేను ఏకీభవించలేను. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, అందులో భూగర్భశాస్త్ర శాఖ ఉంది. 2015లో ఐఐటీ కూడా వచ్చింది. గని విద్యకే పుట్టిన, జార్ఖండ్‌లోని ధన్‌బాద్ సంస్థ సైతం 2016లో ఐఐటీగా మారింది కదా. ఒకే విద్యను నమ్ముకున్న సంస్థ, గనులు మూతపడిన చోట ఎన్నాళ్లు నిలుస్తుంది?

గుడుపల్లె వాసి:
అధ్యాపకుడు గారూ, మీ చివరి ప్రశ్నకు జర్మనీలోని ఫ్రైబెర్గ్ చరిత్రలో జవాబుంది. సప్తవర్ష యుద్ధం 1763లో ముగిసేనాటికి సాక్సనీ రాజ్యం ఆర్థికంగా చితికిపోయి ఉంది. వెండి గనులను మళ్లీ నిలబెట్టాలంటే చదువుకున్న గని అధికారులు కావాలని గ్రహించి, 1765లో ఆ గనుల పట్టణంలోనే అకాడమీని స్థాపించారు. తర్వాత ప్రకృతి శాస్త్రవేత్తగా పేరొందిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1791లో అక్కడ చేరి, ఉదయం గనిలోకి దిగి, మధ్యాహ్నం తరగతులకు హాజరయ్యేవాడు. గనికీ తరగతికీ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి దూరమే ఆ విద్యకు ప్రాణమని నేను నమ్ముతాను.

1863లో అక్కడి ఆచార్యుడు ఫెర్డినాండ్ రైఖ్ జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నాడు. ఆయనకు రంగులు సరిగా కనిపించవు కనుక వర్ణపటాన్ని చూసే పనిని సహచరుడు రిఖ్టర్‌కు అప్పగించాడు. అంతకుముందు ఎవరూ చూడని నీలిమందు రంగు గీత ఒకటి రిఖ్టర్‌కు కనబడింది, అదే ఇండియం అనే కొత్త మూలకానికి గుర్తు. 1886లో దగ్గరలోని గనిలో దొరికిన వెండి ఖనిజాన్ని విశ్లేషిస్తూ, అందులోని పదార్థాల బరువుల లెక్క ఎంతకీ సరిపోకపోవడంతో విడవకుండా వెతికి, అక్కడి వింక్లర్ జెర్మేనియం అనే మరో కొత్త మూలకాన్ని పట్టుకున్నాడు. పక్కనే తవ్విన రాయి బల్ల మీదికి వచ్చినందువల్లనే ఈ రెండూ బయటపడ్డాయి.

ఇక అసలు విషయం: ఫ్రైబెర్గ్‌లో వెండి తవ్వకం 1913లో ఆగిపోయింది, విద్యాలయం ఆగలేదు. పాత గనిని బోధనకూ పరిశోధనకూ తన చేతిలోకి తీసుకుంది. గని మూతపడడం విద్యకు ముగింపు కానక్కరలేదు.

తిరుపతి అధ్యాపకుడు:
ఫ్రైబెర్గ్ ఉదాహరణ బలమైనదే, కాదనను. అయితే మన దేశం సంగతి చూడండి. గని ఇంజనీరింగ్ కళాశాల కావాలని 1901లో కాంగ్రెస్ మహాసభ తీర్మానించింది, ధన్‌బాద్ సంస్థ 1926లో గాని తెరుచుకోలేదు. పాతికేళ్లు! పైగా మూసిన గనిలో తోడకపోతే నీరు నిండుతుంది. ఆ నీటిని ఏటా తోడి, కప్పులకు ఊతాలు వేసి, గాలి ఆడేలా చూసే ఖర్చును విద్యార్థుల ఫీజులతో భరించగలమా?

గుడుపల్లె వాసి:
భరించలేము, ఆ ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. ఎంత లోతు వరకు నీరు తోడాలన్నది ముందే నిర్ణయించుకుంటే, బోధనకు గని మొత్తం అక్కరలేదు, పై అంతస్తులు చాలు. ధన్‌బాద్ కూడా ఐఐటీ అయినంత మాత్రాన బొగ్గు గనుల మధ్య నుంచి కదలలేదు గదా.

గనిలో పనిచేసిన మా నాన్నగారి ఇత్తడి బిళ్ల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంచులు అరిగిపోయాయి గాని అంకె కనబడుతుంది. లోపలికి దిగేవారు పలక మీది బిళ్ల తీసుకుని, పైకి వచ్చాక తిరిగి తగిలించాలి. తగలని బిళ్ల ఉందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. ఈ లెక్క ఎంత బరువైనదో తిరుపతి తరగతి గదిలో చెప్పవచ్చు. కాని గని నోటి దగ్గర తన బిళ్ల తాను తీసుకున్న విద్యార్థికి అది ఎవరూ చెప్పనక్కరలేదు.

తిరుపతి అధ్యాపకుడు:
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాఠాలు తిరుపతిలో, ఏటా ఒక అర్ధసంవత్సరం కుప్పం గనిలో అనే ఏర్పాటుకైతే నేను సమ్మతిస్తాను. నీరు తోడే ఖర్చు తేలేదాకా అంతకు మించి ఒప్పుకోలేను.