వైజాగ్–కాకినాడ బండి మీద, సముద్రం పక్కనే: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కూకట్‌పల్లి_క్లాసిక్: డిసెంబర్‌లో మూడు రోజులు సెలవు దొరికింది. మా ఆవిడా నేనూ వైజాగ్ దాకా రైల్లో వచ్చి, అక్కడ బుల్లెట్ అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. కాకినాడ దాకా ఒడ్డునే వెళ్లొచ్చా?

భీమిలి_బాబాయ్: మొత్తం ఒడ్డునే అంటే కుదరదండి. వైజాగ్ దక్షిణాన స్టీల్ ప్లాంటు, ఆ కింద నేవీ జాగా అడ్డం. హైవే ఎక్కక తప్పదు. మీకు కావాల్సింది రెండే ముక్కలు: వైజాగ్–భీమిలి, ఉప్పాడ–కాకినాడ.

అందరూ ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి భీమిలి వెళ్తారు. మీరు తిరగేయండి. పొద్దున్నే హైవే మీద మధురవాడ, తగరపువలస మీదుగా భీమిలి చేరి, బీచ్ రోడ్డు మీద వెనక్కి రండి. వెళ్లేటప్పుడైతే సముద్రం కుడిచేతి వైపు, రోడ్డుకు అవతల. వచ్చేటప్పుడు నీళ్లు ఎడమ పక్కనే ఉంటాయి, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగొచ్చు.

యాక్టివా_అక్క: బాబాయ్ గారు చెప్పింది నిజం. నాలుగేళ్లు అటే తిరిగి, ఈమధ్యే ఇటు తిరిగాను. వేరే రోడ్డులా ఉంది! భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూసి బయల్దేరండి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట దగ్గర రాతి తోరణం, తొట్లకొండ బౌద్ధారామం, రుషికొండ వరసగా తగులుతాయి. తొట్లకొండ మీద నుంచి కిందికి చూస్తే రోడ్డు సన్నటి తాడులా కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇసుకలో సైడ్ స్టాండు వేసి ఫోటో దిగడానికి వెళ్లాను. స్టాండు మెల్లగా దిగబడి బండి పడుకుంది, అద్దం పోయింది. కొబ్బరిబోండాం చెక్క ఒకటి స్టాండు కింద పెట్టుకోండి.

పల్సర్_పిచ్చోడు: దిబ్బల్లోకి బండి దించితే వీడియో అదిరిపోద్ది బ్రో.

భీమిలి_బాబాయ్: ఆ పని చెయ్యకండి. అది జాతీయ భూవారసత్వ స్థలం, టైరు గాడి పడితే వానకి అదే వాగైపోతుంది. రోడ్డు పక్కన పెట్టి నడవండి.

పల్సర్_పిచ్చోడు: సరే బాబాయ్, సారీ. బండి తీసుకునేటప్పుడు మాత్రం చుట్టూ వీడియో తీసుకోండి. పాత గీతకి నా దగ్గర పన్నెండు వందలు లాగారు.

కాకినాడ_కాజా: ఉప్పాడ సంగతి నేను చెప్తా. వైజాగ్ నుంచి ఎన్‌హెచ్-16 మీద కత్తిపూడి, అక్కడ 216 ఎక్కి పిఠాపురం, ఎడమకి తిరిగితే ఉప్పాడ. అక్కడి నుంచి కాకినాడ వైపు వస్తే ఇక్కడా సముద్రం ఎడమ పక్కే. మ్యాప్ చూసి 216 అంతా బీచ్ రోడ్డు అనుకోకండి, కొబ్బరితోటలూ కాలవలూ తప్ప సముద్రం పెద్దగా కనపడదు.

ఉప్పాడ దగ్గర ఒడ్డు ఏటా కోసుకుపోతోంది. అడ్డంగా పోసిన రాళ్లకి కెరటం కొట్టి, తుంపర రోడ్డు దాటి ఇటు పడుతుంది. నిరుడు హెల్మెట్ అద్దం తుడిస్తే ఉప్పు తెల్లగా మరకలు కట్టింది. రాత్రికి మంచినీళ్లతో చెయిన్ కడిగి నూనె వేయకపోతే తుప్పే. డిసెంబర్ అంటే తుఫాన్ల కాలం, వాయుగుండం అన్న మాట వినపడితే ఆ రోడ్డు మర్చిపోండి. రాళ్లు రోడ్డు మీదికొచ్చేస్తాయి, పోలీసులూ వదలరు.

కూకట్‌పల్లి_క్లాసిక్: అందరికీ థాంక్సండి, తిరగేసే వస్తాం. మా ఆవిడ ఉప్పాడలో జాందానీ చీర కొంటానంటోంది. ఆ తుంపరకి తడవదు కదా?

కాకినాడ_కాజా: రెండు కవర్లు చుట్టి బ్యాగులో అడుగున పెట్టండి, చీరకేం కాదు. ధర విన్నాక తడిసేది మీరే.