వైరస్ బొమ్మకు ఆ ఎరుపు రంగు ఎక్కడిది? పిల్లలకు ఎట్లా చెప్పాలి?

దేవరకొండ_జువాలజీ:
నమస్తే. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మొన్న బోర్డు మీద కరోనా వైరస్ బొమ్మ వేస్తుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, మన మైక్రోస్కోప్‌లో బ్యాక్టీరియానే చుక్కలా కనబడుతుంది, మరి వైరస్ మీది ముళ్లు ఇట్లా ఉంటాయని, రంగు ఇదని ఎట్లా తెలిసింది, ఊహించి వేశారా?" అని అడిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అని చెప్పి ముందుకు పోయాను. అది జవాబు కాదని ఇంటికొచ్చినా మనసులో మెదులుతూనే ఉంది. నా దగ్గర ఉన్నవి ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, అంతే.

పాలమూరు_బయో:
సార్, రంగు మనం వేసిందే, ఆకారం మాత్రం కొలిచింది. కంటికి కనబడే వెలుతురు తరంగం 400 నుంచి 700 నానోమీటర్లు, కరోనా వైరస్ సుమారు 100. పెద్ద కన్నాల జల్లెడతో రవ్వ జల్లించినట్టు, ఆ వెలుతురుకు వైరస్ వివరాలు దొరకవు. అందుకే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, అంటే బాగా చల్లబరిచి, వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లతో ఫోటో తీయడం. వైరస్ మీది ముళ్లు ప్రోటీన్లే. ప్రోటీన్ ఉన్న నీళ్లను పల్చటి పొరగా చేసి, బాగా చల్లబరిచిన ద్రవ ఈథేన్‌లో చటుక్కున ముంచుతారు, మంచు స్ఫటికాలు కట్టే టైం కూడా ఉండదు, నీళ్లు గాజులా గట్టిపడతాయి. లోపల ప్రోటీన్లు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఆగిపోతాయి. నల్గొండ బత్తాయిల కుప్పను ఫోటో తీస్తే ఒకదాని తొడిమ, ఒకదాని అడుగు, ఇంకోదాని పక్క కనబడతాయి కదా, అట్లా. వేలు, లక్షల మసక బొమ్మలను కంప్యూటర్‌లో దిక్కుల వారీగా కలిపితే మొత్తం ఆకారం తేలుతుంది. 2017 కెమిస్ట్రీ నోబెల్ దీనికే. కరోనా ముల్లు ఆకారం 2020 ఫిబ్రవరిలోనే ఇట్లా బయటికొచ్చింది.

అచ్చంపేట_నర్సు:
నన్నడిగితే హిమోగ్లోబిన్‌తో, అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్‌తో మొదలుపెట్టండి, పిల్లలకు రక్తం తెలుసు. ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్ ఉచితం, అందులో హిమోగ్లోబిన్ బొమ్మ నంబర్ 4హెచ్‌హెచ్‌బీ (4HHB) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. నాలుగు గొలుసులు, వాటిలో పూసల్లా 574 అమైనో ఆమ్లాలు, మధ్యలో ఇనుము, మౌస్‌తో ఎటంటే అటు తిప్పొచ్చు. బీటా గొలుసులో 6వది గ్లుటామిక్ ఆమ్లం, దాని చోట వాలీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వస్తే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. వాలీన్‌కు నీళ్లు పడవు, అందుకే ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని దారాల్లా పేరుకుపోతాయి, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడితే నొప్పి వస్తుంది. ఆ నొప్పితో మెలికలు తిరిగే పిల్లలను వార్డులో చూశాను, అంత బాధకు మూలం ఆ ఒక్క మార్పేనని తెరమీద చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

పాలమూరు_బయో:
ఒక జాగ్రత్త. ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ బొమ్మలు చూపిస్తే, అవి కొలిచినవి కావు, లెక్కగట్టినవి అని చెప్పండి. అక్కడ రంగుకు అర్థం ఉంది: ముదురు నీలం అంటే నమ్మకం ఎక్కువ, నారింజ అంటే బాగా తక్కువ.

దేవరకొండ_జువాలజీ:
చాలా థ్యాంక్స్. మౌస్ ఆ అమ్మాయికే ఇస్తాను. ఆ 6వది ఎక్కడ దొరుకుతుంది మేడం?

అచ్చంపేట_నర్సు:
త్రీడీ బొమ్మ తెరిస్తే పైన అక్షరాల వరుస ఉంటుంది సార్. బీ గొలుసు (అదే బీటా) ఎంచుకుని 6వ అక్షరం 'ఈ' (E, గ్లుటామిక్ ఆమ్లానికి గుర్తు) నొక్కండి, బొమ్మ అక్కడికే పోతుంది.