సమస్య: సగము సగము పంచ సబబు గాదు

నిర్వాహకుడు, విజయవాడ: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీరు పూరించాలి. విషయం, భూమిని వేడెక్కించే వాయువుల తగ్గింపును దేశాలు పంచుకోవడం. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు వద్దు, అవి చాలా చదివేశాం.

అరండల్‌పేట, గుంటూరు:
విందు మెక్కె నొకఁడు, వీధి నింకొకఁడుండె
గంజి తాగి, బిల్లు కట్టుమనిన
నిద్ద రొక్క రీతి, నెట్లు ధర్మంబగు?
సగము సగము పంచ సబబు గాదు.

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది మాస్టారూ. కానీ 'ఎట్లు ధర్మంబగు' అన్నాక 'సబబు గాదు' అదే మాట మళ్లీ చెప్పడం. పైగా పొగ ఎక్కడ? ఇది ఏ హోటల్ గొడవకైనా సరిపోతుంది.

సత్యనారాయణపురం:
పాత బాకి మరచి, ప్రజల లెక్కను దాచి,
నేటి పొగను చూపి, నీవు నేను
ఒక్క తూక మనుచు నొప్పింపఁ జూచిన
సగము సగము పంచ సబబు గాదు.

నిర్వాహకుడు: అసలు పేచీ ఇదే. 1850 నుంచి కూడితే కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద వాటా అమెరికాది. ఈ ఏటిది చూస్తే చైనా ముందు. తలసరి చూస్తే అమెరికావాడిది ఏడాదికి సుమారు 14 టన్నులు, మనది 2 టన్నులు. ఏ పద్దు తెరిస్తే ఆ పద్దు ప్రకారం దోషి మారతాడు. ఆ మూడు పద్దులూ మీరు రెండు పాదాల్లో ఇరికించారు, శభాష్. 'నేను / ఒక్క' దగ్గర మాత్రం విసంధి, అంటే కలవాల్సిన అచ్చులు కలవలేదు. 'సాటివార మనుచు సాధింపఁ జూచిన' అంటే అది పోతుంది, 'సా-సా' యతీ (పాదంలో అక్షరాల మైత్రి) నిలుస్తుంది.

అరండల్‌పేట: పాత బాకీ చాటున చైనాను దాచేస్తున్నారా? 1997 క్యోటో వాతావరణ ఒప్పందంలో కోతలన్నీ సంపన్న దేశాలకే, చైనాకు లేదుగా. ఆ సాకుతోనే 2001లో అమెరికా తప్పుకుంది.

సత్యనారాయణపురం: దాచడం లేదండీ. దాని బాకీ కూడా ఏటేటా పెరుగుతోంది. 2015 పారిస్ ఒప్పందంలో ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకొచ్చారు, మనం తర్వాత 2070కి నెట్ జీరో (వదిలినంతా తిరిగి పీల్చి నికరం సున్నా చేయడం) అన్నాం. ఎవరి వాటా వాళ్లే రాసుకుంటే దాన్ని పంపకం అంటారా?

సింగ్‌నగర్:
ఏసి గాలి నొకని కింపుగాఁ జల్లార
పొంగినట్టి యేరు పొట్టగొట్టె
నొకని; నూరిలోన నొక్క పన్నే వేసి
సగము సగము పంచ సబబు గాదు.

నిర్వాహకుడు: దేశాల మధ్య గీతను ఊళ్లోకే లాక్కొచ్చావమ్మా! ఆ 2 టన్నులు సగటే కదా, బెంజ్ సర్కిల్ ఏసీ, మీ వీధి ఫ్యానూ ఒకటి కాదు. 2024లో మీ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు వరదకు కట్ట గండ్లూ కారణమే, అంతా పొగ మీదికి నెట్టలేం. 'పొట్టగొట్టె నొకని' అన్వయం కొంచెం లాగాలి. అయినా నా ఓటు దీనికే.